పళ్లెంలో మిగిలిన అన్నం

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే హైవే మీద ఆటో దిగి, సర్వీసు రోడ్డు పక్కన ఎండలో నడుస్తున్నారు మీరు. కాస్త దూరంలో జూనియర్ కాలేజీ హాస్టల్ గేటు. దాని ముందు అప్పటికే రెండు వందల మంది తల్లిదండ్రులు. ఒక చేతిలో స్టీలు క్యారియరు, ఇంకో చేతిలో ఉతికిన బట్టల సంచి. వాచ్‌మన్ పాసు చూసి, రిజిస్టర్లో పేరు రాయించుకుని, ఒక్కొక్కరినే లోపలికి వదులుతున్నాడు. గోడ పొడవునా ఫ్లెక్సీ. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో ర్యాంకు. వరసలో ఉన్నవాళ్లంతా దాన్నే మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నారు.

లోపల వేపచెట్ల కింద పాత పేపర్లు పరుచుకుని కుటుంబాలు కూర్చున్నాయి. మీకూ కొంచెం నీడ దొరికింది. పక్కనున్నవాళ్లు ఉద్దానం నుంచి వచ్చారు. నిన్న రాత్రి పలాసలో రైలెక్కి, తెల్లారి బెజవాడలో దిగి, స్టేషన్లోనే మొహాలు కడుక్కున్నారు. జీడిపప్పు వేసి, పాడవకుండా ఇగిరేదాకా వేయించిన కోడికూర ఇంటి నుంచి తెచ్చారు. అన్నం మాత్రం స్టేషన్ ముందు హోటల్లో కట్టించుకున్నారు. పేపరు మధ్యలో వాళ్లబ్బాయి. పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. జూన్‌లో చేరాడు, ఇది సెప్టెంబరు. పేరు మనకొద్దు.

"ఏట్రా నాన్నా, ఇలగ సిక్కిపోనావు?" అంటోంది తల్లి.

"ఏం లేదమ్మా. బానే ఉన్నాను."

మూడు నెలలకే పిల్లవాడి మాటలో కృష్ణా జిల్లా యాస వచ్చేసింది. తల్లి అది గమనించి నవ్వింది. తండ్రి నవ్వలేదు. ఆయన చాలాసేపటి నుంచి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు.

"పోయిన వారం టెస్టులో ఏటొచ్చింది?"

పిల్లవాడు ఒక అంకె చెప్పాడు. తండ్రి కోప్పడలేదు, తిట్టలేదు. మంచి మనిషి. "పర్లేదులే" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఈ రెండేళ్లూ కళ్లు మూసుకో బాబూ. తర్వాత నీ బతుకు నీదే" అన్నాడు.

ఈ మాట మీకూ తెలుసు. మీతో ఎవరో అన్నారు, మీరూ ఎవరితోనో అనే ఉంటారు. ఇది ప్రేమతోనే అనే మాట. ఆ తండ్రికి నాలుగెకరాల జీడితోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడిచెట్లూ కొబ్బరిచెట్లూ వేళ్లతో సహా పడిపోయాయి. ఆ తోటా వాటితోనే పోయింది. పిల్లవాడు అప్పుడు నాలుగో తరగతి. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ కాపు మీద తెచ్చిన అప్పే ఈ హాస్టల్ ఫీజు. ఆ సంగతి కొడుకుతో ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయినా వాడికి తెలుసు.

ఒకసారి వాడి చేతి వైపు చూడండి. వేళ్లతో అన్నాన్ని ముద్ద చేస్తున్నాడు, నోటిదాకా తీసుకెళ్లకుండానే మళ్లీ విడదీస్తున్నాడు. కోడిముక్కను మెల్లగా అన్నం కిందకి తోశాడు, పైనుంచి మెతుకులు కప్పాడు. గోళ్లు చివరిదాకా కొరికి ఉన్నాయి. తల్లి చూసింది. మొగుడి వైపు చూసింది. ఆయన ఫ్లెక్సీ వైపు చూస్తున్నాడు. ఆవిడ నోరు తెరిచి, ఏమనాలో తోచక మూసేసింది.

నాలుగింటికి బెల్లు కొట్టారు. ఆవిడ కొడుకు జేబులో జీడిపప్పు పొట్లం కుక్కింది. వాడు వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అందరూ గేటు వైపు నడుస్తున్నారు. మీరు మాత్రం వెళ్లకండి. ఈ రాత్రికి ఇక్కడే ఉండండి.

మూడో అంతస్తు. గదికి ఎనిమిది మంది, నాలుగు బంకర్ మంచాలు. మంచాల కింద ట్రంకు పెట్టెలు, కిటికీ ఊచలకు ఆరేసిన తడి తువ్వాళ్లు, ఎక్కడో మూత సరిగా పడని ఆవకాయ సీసా వాసన. సెప్టెంబరు ఉక్క. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ అయింది. పదకొండుకు ఇన్‌చార్జి వచ్చి లైట్లు తీయించాడు. రేపు పొద్దున ఐదింటికి మళ్లీ బెల్లు. అంటే, పడుకోగానే నిద్ర పట్టినా ఆరు గంటలు. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా ఈ ఈడులో శరీరంలోని గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది, ఆలస్యంగా వదులుతుంది. అది బద్ధకం కాదు, ఎదుగుదల. రోజుకు రెండు గంటల నిద్ర కోత. వారం రోజులకు లెక్కేసుకుంటే ఒకటిన్నర రాత్రి పైగా మాయం.

ఉద్దానం పిల్లవాడు పై బంకు మీద ఉన్నాడు. కదులుతున్నాడు. ఇనుప మంచం కిర్రుమంటోంది. కాసేపటికి కింద పడుకున్నవాడు "ఒరేయ్, కదలమాకరా" అన్నాడు నిద్రలోనే. అప్పటి నుంచి కిర్రుమనడం ఆగిపోయింది. వాడికి నిద్ర పట్టిందనుకోకండి. కదలకుండా మేలుకుని ఉన్నాడు, అంతే.

రెండు వారాల కిందటిదాకా వాడు ఈ గదిలో లేడు. రెండో అంతస్తులో, పై సెక్షన్ పిల్లల గదిలో ఉండేవాడు. వరసగా రెండు వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. నోటీసు బోర్డు మీద కొత్త జాబితా పెట్టారు, అందులో వాడి పేరు కింది సెక్షన్లోకి జారింది. సెక్షన్ మారితే గది మారుతుంది, మెస్‌లో బల్ల మారుతుంది, లెక్చరర్లు మారతారు. మూడు నెలలుగా పక్క మంచం మీద పడుకుని గుసగుసలాడిన సోంపేట కుర్రాడు పై సెక్షన్లోనే ఉండిపోయాడు. ఒక ఆదివారం సాయంత్రం ట్రంకు పెట్టె తనే మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు వీడు. ఆ రోజు నుంచీ నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. తర్వాత, ఇది వాడికే భయం వేసిన సంగతి, లెక్కలు పోయాయి. పదో తరగతిలో ఆడుకుంటూ చేసిన లెక్కల్లాంటివే ఇప్పుడు కళ్లముందు అక్షరాల్లా ఉంటున్నాయి తప్ప అర్థం కావడం లేదు.

ఈ చీకట్లో మీకో మాట చెప్పాలి. మనిషి మనసుకు వచ్చే జబ్బుల్లో దాదాపు సగం పద్దెనిమిదేళ్లు నిండకముందే మొదలవుతాయి. ఎన్నో దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, అవి ఎక్కువగా తల ఎత్తే వయసు పద్నాలుగున్నర దగ్గర తేలింది. పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్యవారిలో ఏడుగురికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. సరిగ్గా ఆ వయసులోనే మనం పిల్లల్ని ఇంటి నుంచి తీసి, నిద్ర తగ్గించి, వారం వారం వరసలో నిలబెట్టి, కళ్లు మూసుకోమంటున్నాం. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఇన్ని లక్షల మంది పిల్లల్ని ఇలా చదివించే చోట, వాళ్ల మనసుల లెక్క ఆ పెద్ద సర్వేలో లేకుండా పోయింది.

ఒక లెక్క మాత్రం ఏటేటా వస్తుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల విభాగం రాసింది. అది చివరి రోజు లెక్క. ఆ రోజుకు ముందు ఎన్ని రాత్రులు మంచం కదలకుండా మేలుకున్నారో, ఎన్నాళ్లు అన్నం వదిలేశారో ఏ విభాగమూ రాయదు. మనం కూడా చివరి రోజు గురించే మాట్లాడుకుంటాం. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో చదివి, "చిన్న విషయానికి ఎంత పని చేశాడు" అంటాం. అది ఒక్క రోజులో పుట్టిన విషయం కాదు. నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేక మోసింది.

ఐదైంది. బెల్లు.

మెస్ హాలు. సోమవారం ఉప్మా. గోలగోలగా ఉంది, స్టీలు పళ్లేల చప్పుడు, సాంబారు బకెట్ల చప్పుడు. మీరు తలుపు పక్కన, ఖాళీ పళ్లేలు వేసే చోట నిలబడండి. అక్కడొకావిడ ఉంది. యాభై దాటిన మనిషి, కంకిపాడు వైపు ఊరు. పన్నెండేళ్లుగా ఇదే పని. పిల్లలు తెచ్చిన పళ్లెం అందుకుని, మిగిలింది డ్రమ్ములోకి దులిపి, పళ్లెం తొట్టిలో వేస్తుంది. పిల్లల పేర్లు ఆమెకు సరిగా తెలియవు. పళ్లేలు తెలుసు.

ఉప్మా రోజు డ్రమ్ము నిండుతుంది, అది ఆమె లెక్కలోకి రాదు. జూన్‌లో కొత్త పిల్లలంతా పదిహేను రోజులు అన్నం వదిలేస్తారు, అదీ లెక్కలోకి రాదు, ఇంటి బెంగ. జూలైలో సర్దుకుంటారు. సర్దుకున్నాక మళ్లీ వదిలేసేవాణ్ణి ఆమె పట్టుకుంటుంది. సోమవారం మధ్యాహ్నం ఉద్దానం కుర్రాడు పళ్లెం అందించాడు. అన్నం చెక్కుచెదరలేదు. పెరుగు కూడా అలాగే ఉంది.

"ఏం నాన్నా, పెరుగూ వదిలేస్తున్నావ్? నువ్వు మూడుసార్లు వేయించుకునేవాడివిగా?"

"ఆకలి లేదాంటీ."

"నిన్న అమ్మావాళ్లు వచ్చెళ్లారుగా. బెంగొచ్చిందా?"

అడ్డంగా తలూపాడు.

"నిద్ర పడుతోందా?"

ఈ పదిహేను రోజుల్లో వాణ్ణి చాలామంది చాలా అడిగారు. ర్యాంకు అడిగారు, సిలబస్ ఎంతయిందని అడిగారు, తప్పులు రాసే నోటుబుక్కు ఏదని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడు జవాబు చెప్పలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు. వెనక వరసలోవాళ్లు "జరగరా" అంటున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల దించుకున్నాడు.

"చెయ్యి కడుక్కుని ఇటురా."

వంటింటి వెనక, గ్రైండర్ పక్కన, బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చోబెట్టింది. చేతిలో ఒక చేటెడు గోరుచిక్కుళ్లు పెట్టి ఈనెలు తీయమంది. తనూ తీస్తోంది. ఏమీ అడగడం లేదు. గ్రైండర్ తిరుగుతోంది. నాలుగైదు నిమిషాలు గడిచాయి. మీరు దగ్గరికి వెళ్లకండి, ఇక్కడి నుంచే వినండి.

"ఆంటీ, నాకేం ఎక్కట్లేదు."

"ఊఁ."

"ఎంత చదివినా ఎక్కట్లేదు. నాన్న డబ్బులన్నీ దండగ."

ఆవిడ "అందరికీ ఉండేదేలే" అనలేదు. "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి" అనలేదు. "మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో చూడు" అనలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అంది, అంతే. ఆ తర్వాత చిక్కుళ్లు అయిపోయేదాకా విన్నది.

ఇది మంచితనం మాత్రమే కాదు. ఇందులో పని చేసే గుణం ఒకటుంది, దాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. బీహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయుల చేత, కొన్ని బడుల్లో బయటి నుంచి తెచ్చి తర్ఫీదిచ్చిన మామూలు మనుషుల చేత నడిపించారు. వాళ్లేం మానసిక వైద్యులు కారు. బడిలోనే ఉంటూ పిల్లలతో మాట్లాడటం, గోడపత్రిక నడపడం, ఫిర్యాదుల పెట్టెలో చీటీలు తీసి చదవడం, కావాలన్న పిల్లలతో విడిగా కూర్చోవడం వాళ్ల పని. ఈ మామూలు మనుషులు ఉన్న బడుల్లో దిగులు తగ్గింది, తోటివాళ్లను ఏడిపించడం తగ్గింది, బడి వాతావరణమే బాగుపడింది. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఉపాధ్యాయులను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు, వాళ్లకున్న పని వాళ్లకుంది. మార్కులు వేసే చేతికి పిల్లవాడు తన బలహీనత అప్పగించలేడు. నాకు తోచిన కారణం అది.

ఆఫ్రికాలో జింబాబ్వే రాజధాని హరారేలో మరో పని జరిగింది. డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు తర్ఫీదిచ్చి, ఆరోగ్య కేంద్రాల బయట చెక్క బల్లల మీద కూర్చోబెట్టాడు. మనసు బాగాలేనివాళ్లు వచ్చి ఆ అవ్వ పక్కన కూర్చుని మాట్లాడతారు. వాళ్లు వాడే మాట "డిప్రెషన్" కాదు. తమ షోనా భాషలోని కుఫుంగిసిసా, అంటే అతిగా ఆలోచించడం. మనకు అలాంటి మాటలకు కొదవా? బెంగ, దిగులు, గుబులు, మనాది. పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడంటే మన అమ్మమ్మలు నవ్వి ఊరుకునేవాళ్లు కాదు. పక్కన పడుకోబెట్టుకునేవాళ్లు. బెంగ అంటే చూడాల్సిన సంగతి అని వాళ్లకు తెలుసు. ఆ మాటను మనం ఒకటో తరగతి పిల్లలకు వదిలేసి, పదహారేళ్లవాడికి "స్ట్రెస్" అని పేరు పెట్టి, దాన్ని చదువులో భాగం చేసేశాం.

అయితే పళ్లేలు అందుకునే ఆవిడ దగ్గరే ఆగిపోతే చాలదు. ఆవిడకూ అది తెలుసు. మధ్యాహ్నం మూడింటికి పని అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లి, ఈ కాలేజీలో ఈ మధ్యే చేరిన కౌన్సెలర్‌తో చెప్పింది. "ఆ పలాస అబ్బాయి, మేడమ్. పదిహేను రోజులుగా తినట్లేదు."

ఆ కౌన్సెలర్ ఇక్కడ ఎందుకుందో చెప్పాలి. 2023లో విశాఖపట్నంలో నీట్ కోసం చదువుతూ 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి కోర్టుకు వెళ్లాడు. ఆ కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించేలా మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న చోట తర్ఫీదు పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులుగా విడదీయడం, పదిమందిలో సిగ్గుపరచడం వీలైనంత వరకు మానుకోవాలి. సహాయ ఫోన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని నేను రెండుసార్లు చదువుకున్నాను. పాఠాలు చెప్పేవారికే కాదు, చెప్పని సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు తర్ఫీదు ఇవ్వాలి. అంటే పళ్లేలు అందుకునే ఈవిడకు కూడా. ఈ తీర్పు పెట్టిన గడువులకూ మన కాలేజీలకూ ఎంత దూరమో తల్లిదండ్రులే వెళ్లి అడగాలి. అడిగే హక్కు మీకుంది.

కౌన్సెలర్‌కు మొదట ప్రిన్సిపాల్ గది పక్కన అద్దాల తలుపు గది ఇచ్చారట. వారం రోజులు ఒక్క పిల్లవాడూ రాలేదు. వస్తే అందరికీ కనపడుతుంది మరి. పైగా ఆ పేరొకటి. మన పిల్లలకు కౌన్సెలింగ్ అంటే రెండే అర్థాలు. ఒకటి ఇంజినీరింగ్ సీటు కేటాయించేది, రెండోది తాగి బండి నడిపినవాణ్ణి పోలీసులు కూర్చోబెట్టి ఇచ్చేది. కూర్చుని మాట వినే పని అని చెబితే తప్ప ఎవరికీ తెలియదు. కౌన్సెలర్ అడిగి మరీ మెస్ పక్కన సరుకుల గదిలో సగం తీసుకుంది. పప్పు బస్తాల అవతల రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఇప్పుడు ఎవరు లోపలికి వెళ్లినా మెస్‌కు వెళ్లినట్టే ఉంటుంది.

సోమవారం సాయంత్రం. మీరు బస్తాల ఇవతల ఉన్నారు. ఎప్పుడు లేస్తున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఇంతకు ముందు నచ్చినవి ఇప్పుడూ నచ్చుతున్నాయా అని కౌన్సెలర్ పిల్లవాణ్ణి అడుగుతోంది. క్రికెట్ చూడాలనిపించడం లేదన్నాడు. సోంపేట కుర్రాడు ఎదురొస్తే పక్కకు తప్పుకుంటున్నానన్నాడు. ఆవిడ కాగితం మీద ఏమీ రాయడం లేదు. తర్వాత, గొంతు మార్చకుండా, ఎలా అడుగుతూ వచ్చిందో అలాగే అడిగింది.

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?"

మీ గుండె ఝల్లుమంది, తెలుసు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో అని మనందరికీ భయం. పుట్టదు. అధ్యయనాలు ఆ సంగతే చెబుతున్నాయి. లోపల ఉన్నదాన్ని ఒకరితో చెప్పడానికి తలుపు తీసినట్టవుతుంది.

చాలాసేపు పప్పు బస్తాల మీద తిరిగే పురుగు కూడా వినిపించేంత నిశ్శబ్దం. తర్వాత పిల్లవాడు అన్నాడు:

"చావాలని కాదు మేడమ్. పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది."

ఈ వాక్యం దగ్గరే పట్టుకోవాలి మనం. ఇది ఇంకా సంధ్యవేళ మాట, రాత్రి కాదు. ఈ మాట విన్నాక ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. చెప్పినందుకు మెచ్చుకుంది. ఈ ఒక్క మాట తన దగ్గరే దాచలేనని, ఇంట్లోవాళ్లకు చెప్పాలని, వాడి ఎదురుగానే చెబుతానని అంది. ఈ రాత్రి వాడు ఒంటరిగా ఉండకూడదు. సోంపేట కుర్రాడి గదికి పరుపు మార్పించింది. దాని కోసం ఇన్‌చార్జితో గొడవపడాల్సి వచ్చింది, ఒక పిల్లవాడికి చేస్తే అందరూ అడుగుతారన్నాడాయన. అడగనివ్వండి అంది. తర్వాత స్పీకర్‌లో పెట్టి పలాసకు ఫోన్ చేసింది.

స్నేహితుడి పక్కన పరుపు ఎందుకో చెబుతాను. యూరప్‌లో పది దేశాల 168 బడుల్లో పదకొండు వేల మంది పిల్లలతో చేసిన సెయిల్ అనే అధ్యయనం 2015లో వచ్చింది. అక్కడ ఒక పద్ధతిలో ఉపాధ్యాయులకు తర్ఫీదిచ్చారు, ఇంకో పద్ధతిలో పిల్లలకే నాలుగు వారాల్లో మొత్తం ఐదు గంటలపాటు తమ మనసుల గురించి, స్నేహితుడు దిగులుగా ఉంటే ఏం చేయాలన్న దాని గురించి నాటికలు వేయించి మాట్లాడించారు. ఏడాది తర్వాత చూస్తే, మాట్లాడించిన పిల్లల్లో ఆత్మహత్యాయత్నాలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. ఉపాధ్యాయుల తర్ఫీదు ఒక్కటే ఆ ఫలితం ఇవ్వలేదు. ఐదు గంటలు. మన కాలేజీలో ఒక వీకెండ్ టెస్టుకు, దాని మీద చర్చకు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అందుకే సోంపేట కుర్రాడి పక్కన పరుపు వేయడం చిన్న పని కాదు.

మంగళవారం మధ్యాహ్నానికి తండ్రి వచ్చేశాడు. ఆదివారం వేసుకున్న చొక్కాయే. గేటు దగ్గర ఫ్లెక్సీ వైపు చూడలేదు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, కొడుకు వైపు చూడలేక, మెల్లగా అడిగాడు.

"పిచ్చేటండి మేడమ్? వాల్తేరు ఆస్పత్రికి తీసుకెళ్లాలా?"

ఉత్తరాంధ్రలో చినవాల్తేరు, తెలంగాణలో ఎర్రగడ్డ. రెండు మంచి ఆస్పత్రుల పేర్లను తిట్లుగా మార్చుకున్నాం మనం. ఆ తిట్టుకు భయపడి ఎంతమంది పిల్లలు వైద్యుడి గడప తొక్కలేదో. కౌన్సెలర్ ఓపిగ్గా చెప్పింది. నిద్ర, తిండి, చదువు మీద ధ్యాస, మూడూ ఒకేసారి పోయి రెండు వారాలు దాటిందంటే వైద్యుడు చూడాలి. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఇంటికి దగ్గర. ముందే తెలిసింది కాబట్టి మందు అవసరమో, మాటలతోనే సరిపోతుందో నిదానంగా చూడొచ్చు.

ఆయన విన్నాడు. చాలాసేపు అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"తోట పడిపోయినప్పుడు నాను కూడా ఇలగే ఉన్నాను మేడమ్. తిండి నేదు, నిద్ర నేదు. మూడు నెల్లు. ఎవులూ అడగనేదు."

పిల్లవాడు తలెత్తి తండ్రిని చూశాడు. ఆ సంగతి వాడికి ఇప్పుడే తెలిసింది.

ఆ రాత్రే ఇద్దరూ రైలెక్కారు. పదిహేను రోజుల తర్వాత వాడు తిరిగొచ్చాడు. కథలో అద్భుతాలేం లేవు. సెక్షన్ కిందిదే. ర్యాంకు పెద్దగా మారలేదు. సోంపేట కుర్రాడి గదిలోనే పడుకుంటున్నాడు, నెలకోసారి శ్రీకాకుళం వెళ్లొస్తున్నాడు. గురువారం మధ్యాహ్నం మెస్‌లో పళ్లెం అందించాడు. అన్నం సగం మిగిలింది. పెరుగు లేదు. ఆవిడ ఏమీ అనలేదు, పళ్లెం దులిపి తొట్టిలో వేసింది.

ఇక మీరు వెళ్లొచ్చు. వచ్చే ఆదివారం మీరూ క్యారియరు పట్టుకుని ఏదో ఒక గేటు ముందు నిలబడతారు. ర్యాంకు సంగతి కాలేజీవాళ్లు ఎలాగూ మీ ఫోన్‌కు పంపుతారు. నిద్ర సంగతి, తిండి సంగతి ఎవరూ పంపరు. దయచేసి ముందు అవి అడగండి, జవాబు పూర్తిగా వినేదాకా ర్యాంకు ఎత్తకండి. ఆ జవాబు మీకు భయం పుట్టిస్తే ఆదివారం దాకా ఆగకండి. 2022 అక్టోబరు 10 నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ నడుస్తోంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ పిల్లవాడి ట్రంకు పెట్టె మూత లోపల, టైంటేబుల్ పక్కన, మీ చేత్తో రాసి పెట్టండి.